పావూ ముప్పావూ

మా వదిన ఎవరినీ నమ్మదు. నన్నయితే అసలే నమ్మదు. పాలప్యాకెట్టు మీద తేదీ చదివి చెప్తే "ఏదీ, చూడనీ" అంటుంది. వచ్చే బస్సు నెంబరు చెప్తే "ఏదీ, చూడనీ" అంటూ రోడ్డు మధ్యదాకా వెళ్ళి చూసొస్తుంది. పెళ్ళిచూపులనాడు నా డిగ్రీ సర్టిఫికెట్టు అడిగి తీసుకుని, కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళి, ముద్ర అసలుదో నకిలీదో గోటితో గీకి మరీ చూసిన మనిషి. ఆ గీటు ఇప్పటికీ ఉంది. ఎవరైనా సర్టిఫికెట్టు అడిగితే నాకు ముందు ఆ గీటే గుర్తొచ్చి ఒళ్ళు మండుతుంది.

ఆమె నా భార్యకు అక్క. తల్లి పోయాక చెల్లెల్ని తనే పెంచి పెద్దచేసింది. ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతూనే ఆ పిల్లను చదివించి, పెళ్ళి చేసి, ఆ పెళ్ళికొడుక్కి అదే ప్రెస్సులో ఉద్యోగం కూడా వేయించింది. పెళ్ళికొడుకంటే నేనే. నేను పేజీలు కట్టే ఆపరేటర్ని. రచయిత ఇచ్చిన కాపీని కంప్యూటర్లో కొట్టి పేజీలుగా సర్దుతాను. ఆమె వాటిని చదివి, ఎర్రపెన్నుతో తప్పులు పట్టి, అంతా బాగుందనుకున్నాక అడుగున సంతకం పెడుతుంది. ఆ సంతకం లేనిదే మా మిషన్ మీదికి ఒక్క కాగితం ఎక్కదు. ఆఫీసులో అందరూ ఆమెను ఎర్రపెన్నుగారు అంటారు, మొహానే. ఆమెకూ అది ఇష్టమే. మేం ముగ్గురం ఉండేది ఒకే ఇంట్లో కాబట్టి, నా తప్పులు పట్టే పని ఆమెకు ఆదివారాలు కూడా ఉంటుంది.

ఇలా ఉండగా ఒకరోజు మా ఓనరు టీ తాగుతూ ఒక మాట వదిలాడు. "ఈ రోజుల్లో పెద్ద పెద్ద ప్రెస్సుల్లో కూడా ఆపరేటరూ ప్రూఫ్‌రీడరూ ఒక్కరేనట. మనకు మాత్రం ఇద్దరెందుకో!" అన్నాడు. అని, గ్లాసు కింద పెట్టి వెళ్ళిపోయాడు. ఆ ఇద్దరిలో ఉండేదెవరో ఊడేదెవరో చెప్పలేదు. నేను వదిన వైపు చూశాను. ఆమె అప్పటికే నా వైపు చూస్తోంది.

ఆ మర్నాడు ఆమె తన టేబులు కిటికీ పక్కకు జరిపించుకుంది. అక్కణ్ణుంచి చూస్తే నా కంప్యూటర్ తెర సూటిగా కనిపిస్తుంది. ఓహో, మన మీద కాపలా అన్నమాట, అనుకున్నాను.

సరిగ్గా అప్పుడే ఒక పిల్లల డాక్టరమ్మ పుస్తకం మాకొచ్చింది. ఊళ్ళలో పసిపిల్లలకు మందులిచ్చే నర్సుల కోసం రాసిన పుస్తకం. ఏ వయసు పిల్లకు ఏ మందు ఎంత, మాత్ర సగమా, చెంచాలో పావా ముప్పావా, పేజీపేజీకీ అదే. ఈ పుస్తకం కోసం ఓనరు ఒక కొత్త ఫాంటు తెప్పించాడు. అక్షరాలు ముత్యాల్లా ఉంటాయి, కాదనను. కానీ దానికో అలవాటుంది. మీరు 1 కొట్టి, ఏటవాలు గీత కొట్టి, 4 కొట్టారనుకోండి. గీత పడేదాకా ఏమీ ఎరగనట్టు కూర్చుంటుంది. 4 పడిందో లేదో, ఒకటిని చిన్నది చేసి పైకెక్కిస్తుంది, నాలుగును చిన్నది చేసి కిందికి దించుతుంది, మధ్య గీతను సన్నగా వాల్చేస్తుంది. అన్నీ కలిసి ఒక్క అక్షరమంత జాగాలో ఒదిగి కూర్చుంటాయి. చూడముచ్చటగా ఉంటుంది. సెట్టింగుల్లో దానికో చిన్న గడి ఉంది. గడిలో టిక్కుంటే ఇదంతా చేస్తుంది, లేకపోతే ఊరుకుంటుంది. ఫాంటుతోపాటు వచ్చిన నమూనా పేజీలో టిక్కు పెట్టే ఉంది. నేనెప్పుడూ పేజీని మొదటినుంచి కట్టే రకం కాదు. ఉన్న నమూనాలోనే కొత్త సరుకు పోస్తాను, కాబట్టి ఆ టిక్కు కూడా పుస్తకంలోకి వచ్చేసింది.

కాకపోతే ఫాంటుకు తెలివి లేదు, రూలే ఉంది. చూసి రమ్మంటే కాల్చివచ్చే రకం. డాక్టరమ్మ "రోజుకు 2/3 సార్లు" అని రాసినచోట, అంటే రెండో మూడో సార్లని, అది మూడింట రెండువంతుల సారి చేసి పెట్టింది. మా ప్రెస్సు చిరునామాలో తలుపు నెంబరు 7/8 అయితే, దాన్నీ నలిపి పిడికెడు చేసింది. ఇలాంటివి నేను ఒక్కొక్కటీ వెతికి సరిచేశానుగానీ మొదటి ప్రూఫులో కొన్ని మిగిలిపోయాయి. వదిన కాగితాలు పట్టుకుని నా మీదికొచ్చింది.

"ఏమయ్యా, డాక్టరమ్మ కాపీలో అంకెలు నిండుగా ఉన్నాయి. వాటినెందుకిలా నలిపేశావు?"

"నేను నలపలేదు వదినగారూ. ఫాంటే అలా చేస్తుంది."

"ఫాంటే చేస్తుందా? దానికేమైనా చేతులొచ్చాయా?"

"చేతులక్కర్లేదండీ, లోపల రూలు రాసుంటుంది."

"నేను చేయలేదు, దానంతట అదే అయిపోయింది! చిన్నప్పుడు నీ పెళ్ళాం గ్లాసు పగలగొట్టినప్పుడల్లా ఇదే చెప్పేది."

ఆఫీసంతా నవ్వింది. టిక్కు తీసేస్తే పోయేదే. ఆమె ఆ అంకెలు వద్దంది కాబట్టే, పంతానికి తీయలేదు. పైగా డాక్టరమ్మకూ ఓనరుకూ ఆ చిన్న అంకెలు నచ్చాయి. నాకు అంతకంటే బలం ఏం కావాలి?

అక్కణ్ణుంచి మొదలైంది అసలు తంటా. వదిన దిద్దిన పేజీలు నా టేబులు మీదికొస్తున్నాయి. ఒక పేజీలో పావు చెంచా చుట్టూ ఎర్రగా సున్నా చుట్టి, పక్కన "పావు! ముప్పావు కాదు" అని రాసుంది. చూస్తే పేజీలో ఉన్నది పావే. శుభ్రంగా ఒకటి, గీత, నాలుగు. ఇంకో పేజీలో అర మాత్ర చుట్టూ సున్నా, పక్కన "అర" అని. ఉన్నదీ అరే. తప్పు లేనిచోట తప్పు చుట్టడమేమిటి? ఒకసారైతే పొరపాటనుకోవచ్చు. పేజీ తర్వాత పేజీ అలాగే వస్తుంటే ఏమనుకోవాలి? నాకు విషయం బోధపడింది. నా పేజీలు ఎర్రసున్నాలతో నిండిపోతే, ఓనరు వాటిని చూస్తే, ఆ ఇద్దరిలో ఊడేదెవరో ఇక చెప్పక్కర్లేదు.

మింగలేక కక్కలేక కొన్నాళ్ళు ఊరుకుని, చివరికి ఒక పేజీ పట్టుకుని ఆమె దగ్గరికెళ్ళాను.

"వదినగారూ, ఇక్కడున్నది పావే కదండీ?"

ఆమె కాగితం లాక్కుని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళింది. వెలుతురుకు అడ్డంగా పట్టుకుంది, దూరం పెట్టింది, దగ్గర పెట్టింది. చాలాసేపు చూసింది.

"ఇప్పుడు పావే ఉంది. నేను చూసినప్పుడు లేదు. మార్చి, మళ్ళీ ప్రింటు తీసి తెచ్చావు."

"మీరు చుట్టిన సున్నా దీని మీదే ఉంది కదండీ!"

"నాలాగా సున్నా చుట్టడం ఎంతసేపు నీకు? ఎర్రపెన్ను బజార్లో దొరకదా?"

ఆమె అక్కడితో ఆగలేదు, ఓనరు గదిలోకెళ్ళి చెప్పేసింది, నేను పేజీలు మారుస్తున్నానని. నన్నూ పిలిచారు. నేను మార్చలేదన్నాను, ఆమె మార్చాడంది. ఆ రోజునుంచి ఆమె దిద్దిన పేజీలన్నీ సొరుగులో పెట్టి తాళం వేసుకోవడం మొదలుపెట్టింది. నేను పంపే ప్రతి పేజీకీ ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోవడం మొదలుపెట్టాను. ఒకే ఇంట్లోంచి బయల్దేరి, ఒకే బస్సెక్కి, దిగేదాకా ఒక్క మాట లేకుండా కూర్చునేవాళ్ళం. అనుమానం పెనుభూతం అని ఊరికే అనలేదు.

ఇంట్లో నా భార్య మధ్యలో నలిగిపోయింది.

"ఏమండీ, అక్క అలాంటిది కాదు. ఇంకేదో ఉంది," అనేది కూర తరుగుతూ.

"ఉంది. నా ఉద్యోగం మీద కన్నుంది."

"ఇవాళ సూదిలో దారం ఎక్కించమని నాకిచ్చింది. ఎప్పుడైనా ఇచ్చిందా? నేను ఎక్కిస్తే నమ్మే మనిషేనా?"

"నీతో పనులు చేయించుకోవడం మొదలెట్టింది. రేపు నాతోనూ చేయిస్తుంది, చూడు."

అప్పుడు నాకు ప్రతిదీ అలాగే కనిపించేది. పాలప్యాకెట్టు చేయి చాపి దూరంగా పట్టుకుని, తేదీ చూసి, ఆ పైన చించి వాసన కూడా చూసేది. నేను కొనుక్కొస్తే పాలను కూడా నమ్మదనుకున్నాను. మెట్లు దిగేటప్పుడు నా భుజం పట్టుకునేది. నన్ను ముందు నడిపించి వెనకనుంచి కనిపెడుతోంది అనుకున్నాను.

ఓనరు ఓపిక కూడా అయిపోయింది. పుస్తకంలో ముందు సగం సంతకాలు పడి మిషన్ గదికి వెళ్ళిపోయింది, మిగతా సగం మా గొడవతో ఆగిపోయింది. ఒక పొద్దున ఫోన్లో ఎవరితోనో మాట్లాడుతూనే నా కుర్చీ దగ్గరికొచ్చి, వదినను చేత్తో పిలిచి, ఫోన్ మీద అరచెయ్యి మూసి అన్నాడు:

"ఇవాళ తేలిపోవాలి. మారుస్తున్నట్టు రుజువైతే ఇతను ఇంటికి. కాదని తేలితే మీరు ఇంటికి. అంతే. నాకు పుస్తకం కావాలి."

అని మళ్ళీ ఫోను చెవిలో పెట్టుకుని పక్కనే నిలబడ్డాడు. కాగితం ధర గురించి ఎవరినో బతిమాలుతున్నాడు.

నాకు లోపల సంతోషంగానే ఉంది. నిజం నావైపుంది. వదినకు అంతకంటే ధీమా.

"కుర్చీలోంచి లే. నేనే కొడతాను. నీ చెయ్యి తగలకూడదు," అంది.

లేచాను. ఆమె కూర్చుంది. ఒక్క వేలితో, కీబోర్డు మీదికి ఒంగి, మీటలు వెతుక్కుంటూ, ఒకటి కొట్టింది. ఏటవాలు గీత కొట్టింది. నాలుగు కొట్టింది. తెరమీద ఆ మూడూ చటుక్కున ముడుచుకుని చిన్న పావై కూర్చున్నాయి. ఆమె ఉలిక్కిపడింది. అప్పటిదాకా ఫాంటు తనంతట తాను అలా చేస్తుందంటే ఆమె నమ్మలేదు మరి.

తర్వాత తెరకు మొహం ఆనించినంత పని చేసి చూసింది. మొహం విప్పారింది.

"ఇదుగో! ఇదుగో చూడండి! నేను కొట్టింది పావు. దీన్ని ముప్పావు చేసింది! మీ కళ్ళముందే! ఇన్నాళ్ళూ నేను చెప్తే విన్నారా?"

తెరమీదున్నది పావు. ఒకటి, గీత, నాలుగు. మూడు ఛాయ కూడా లేదు.

గెలిచాను అనుకోబోయాను. ఆమె మొహం చూసి ఆగిపోయాను. అబద్ధమాడే మనిషి మొహంలో అంత సంతోషం ఉండదు. ఆమెకు నిజంగానే అక్కడ ముప్పావు కనపడుతోంది. కిటికీ పక్కకు జరిగిన టేబులు, చేయి చాపి పట్టుకున్న పాలప్యాకెట్టు, సూదీ దారం, మెట్ల మీద నా భుజం, అన్నీ ఒక్కసారిగా వచ్చి మీదపడ్డాయి. ఎంత వెధవనో అర్థమైంది నాకు. అంకెలు నిండుగా ఉన్నన్నాళ్ళూ నెట్టుకొచ్చింది. ఫాంటు వాటిని చిన్నవి చేసేసరికి దొరికిపోయింది, తనకే తెలియకుండా.

ఓనరు ఇంకా ఫోన్లోనే ఉన్నాడు, తెర వైపు తిరగలేదు. తిరిగితే ఆమె పని అయిపోయినట్టే. నేను గబుక్కున మౌసు పట్టుకుని గడిలో టిక్కు తీసేశాను. అంకెలు మళ్ళీ నిండుగా, బారుగా నిలబడ్డాయి.

"దీని బుద్ధే అంతండీ. తీసేశాను, ఇక పీడా పోయింది," అన్నాను.

"అంటే ఫాంటుదేనా తప్పు?" అన్నాడు ఓనరు ఫోను కాస్త పక్కకు జరిపి.

"ఫాంటుదేనండీ."

"హమ్మయ్య! ఇంతోటిదానికి ఇన్నాళ్ళు కొట్టుకు చచ్చారా?" అని ఫోనుతోపాటు తన గదిలోకి వెళ్ళిపోయాడు.

వదిన కదల్లేదు. తెరమీది నిండు అంకెల్ని చూస్తోంది. "ఒకటి బై నాలుగు," అని మెల్లిగా చదివింది. తర్వాత నా వైపు తిరిగి చాలాసేపు చూసింది. ముప్పై ఏళ్ళు ప్రూఫులు చదివిన మనిషికి మరిది మొహం చదవడం ఎంతసేపు?

"టిక్కు తీయకముందు ఏముంది అక్కడ?" అంది.

నేను మౌసు పక్కకు జరిపాను.

"అడుగుతున్నది నిన్నే. ఏముంది?"

"పావేనండీ."

ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుంది. "సంతకం పెట్టిన పేజీలెక్కడున్నాయి?"

"మిషన్ గదిలో. ఇవాళ అచ్చుకు ప్లేట్లు చేస్తారు."

లేచి ఓనరు గది వైపు నడిచింది. నేను అడ్డంపడ్డాను. "వదినగారూ, ఎందుకండీ? నింద ఫాంటు మీదికి పోయింది కదా. ఎవరికీ తెలియదు. కళ్ళు తర్వాత చూపించుకుందాం."

"మందు తాగేది ఫాంటు కాదయ్యా, పిల్లలు. తప్పుకో."

తప్పుకున్నాను. తలుపు తీసే ఉంది, ప్రతి మాటా వినపడింది. "చిన్న అంకెలు నాకు కనపడడం లేదండీ. ఎడమకన్నైతే మధ్యలో అంతా మసకే. మసకని తెలిసీ ఉద్యోగం పోతుందని చెప్పలేదు, అంకెలే తప్పు చదువుతున్నానని ఇవాళే తెలిసింది. సంతకాలు మాత్రం పెడుతూ వచ్చాను. ముందు మిషన్ ఆపించండి," అంది. తడబడకుండా, ఎవరిదో తప్పు చెప్తున్నట్టే చెప్పింది. ఓనరు మిషన్ గదికి ఫోన్ చేశాడు.

పేజీలన్నీ వెనక్కొచ్చాయి. మా ప్రెస్సులో ఒక పాత పద్ధతుంది, ఇద్దరు కూర్చుని ఒకరు కాపీ గట్టిగా చదవడం, రెండోవాళ్ళు పేజీలో చూడడం. డాక్టరమ్మ కాపీలో అంకెలు పెద్దవి కాబట్టి వదిన చదువుతానంది. నేను పేజీ చూస్తూ కూర్చున్నాను.

"అర మాత్ర," అనేది.

"అర," అనేవాణ్ణి.

"ముప్పావు చెంచా."

"ముప్పావు."

పేజీలు తిరిగిపోతున్నాయి. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. భయపడ్డంత లేదులే అనుకుంటున్నాను. మూర్ఛలొచ్చే పసిపిల్లల మందు పేజీకొచ్చాం.

"ఆరు నెలల లోపు పిల్లకు, పావు చెంచా."

నేను పేజీ మీదికి ఒంగాను.

"ఏం, ఆగావు?"

"ముప్పావుందండీ ఇక్కడ. నేనే కొట్టాను అలా. నా తప్పే."

కింద వదిన సంతకం, ఎర్రగా, ఏ వంకరా లేకుండా. సున్నా చుట్టాల్సిన తప్పు ఇదొక్కటి, దీనికే సున్నా లేదు.

"ఏదీ, చూడనీ," అంది.

ఇచ్చాను. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళింది. దూరం పెట్టింది, దగ్గర పెట్టింది, తల పక్కకు వంచి చూసింది.

"నాకు పావులాగే ఉందయ్యా," అంది, చిన్నపిల్ల గొంతుతో.

ఆ పేజీ దిద్దాను. మిగతావన్నీ చివరిదాకా అలాగే చదివాం. ఓనరు ఎవరినీ పొమ్మనలేదు. "ఇకనుంచి ఆవిడ చదవాలి, నువ్వు చూడాలి. సంతకం నువ్వు పెట్టు," అన్నాడు నాతో. వదిన తన పెన్ను మూత బిగించి నా టేబులు మీద పెట్టింది. నాకు దాన్ని ముట్టుకోవాలంటే భయమేసింది.

ఆ వారమే కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళాను. కంట్లో చుక్కలు వేశారు, గోడమీది అక్షరాలు చదివించారు, ఏవేవో మిషన్ల ముందు గడ్డం పెట్టించారు. చివరికి డాక్టరు ఒక కాగితం రాసి ఆమె చేతికిచ్చాడు. అలవాటు చొప్పున దాన్ని ఎత్తి వెలుతురు వైపు తిప్పింది. తిప్పి, ఆగి, నాకందించింది.

"నువ్వే చదువు," అంది.

ఉన్నదున్నట్టు చదివాను. కుడికన్ను ఇంతకంటే పాడవకుండా ఆపవచ్చు. ఎడమకన్ను చూపు తిరిగి రాదు. ఏదీ దాచలేదు, ఏదీ తగ్గించలేదు. చదివి, ఇప్పుడంటుంది, ఇప్పుడంటుంది అని ఆ మాట కోసం ఎదురుచూశాను. కాగితం అందించడానికి చెయ్యి కూడా చాపాను. ఆమె సంచీ భుజానికి తగిలించుకుని, "పద, ఇంట్లో అది ఎదురుచూస్తుంటుంది," అంది.

బస్టాపులో నిలబడ్డాం. దూరంగా బస్సొచ్చింది. నెంబరు చెప్పాను. వదిన తలెత్తి చూడలేదు, రోడ్డు మధ్యకు వెళ్ళలేదు. నా భుజం పట్టుకుని ఎక్కేసింది. వెనకాల ఎక్కుతుంటే నాకు ఏడుపొచ్చింది.